వివరణ వ్రాయువారెవరు?

శాసనము గెజిటులో అచ్చుపడినంత మాత్రమున ప్రజల కా హక్కు చేతి కందదు. ఏ సెక్షను ఎవరికి వర్తించునో, అర్జీ యెచట దాఖలు చేయవలయునో విడమరచి చెప్పువాడు కావలయును. స్వచ్ఛంద సేవకులు నిర్మించుచున్న ఓపెన్ సోర్సు సాఫ్టువేరు విషయమునను ఇదియే స్థితి. మూలము అందఱికిని తెఱచియే యున్నది; దానిని వాడుక చేసికొను మార్గమే పలుచోట్ల మూతపడియున్నది.

కోడు వ్రాయుటకు వచ్చువారు పలువురు గలరు. వివరణ వ్రాయుమనిన ముందునకు వచ్చువా రరుదు. ఉపన్యాసమునకు పోటీపడు మహనీయులు, సంఘము లెక్కల పుస్తకము వ్రాయుమనగానే గడియారము చూచుట మన మెఱుగనిదా?

ఐనను సేవకులు రాలేదని నిందించుటకు ముందు ద్వార మెంత వెడల్పున్నదో చూడవలయును. పైథాన్ భాష చరిత్రమే యిందుకు తార్కాణము. గైడో వాన్ రోసమ్ 1991లో లోకమున కందించిన యీ భాష యొక్క వివరణ గ్రంథము చిరకాలము లేటెక్ అను కూర్పు పద్ధతిలో నుండెను. ఒక్క వాక్యము దిద్దగోరువాడును ముందుగా నా పద్ధతి నభ్యసింపవలసి వచ్చెను. తప్పు కనిపెట్టినవాడు దిద్దక వెడలిపోయిన నేరమెవరిది? 2007లో గేయార్గ్ బ్రాండ్ల్ అను జర్మను సేవకుడు ఆ గ్రంథమును సాదా వ్రాతకు సమీపమైన రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ రూపమునకు మార్చు పనికి పూనుకొనెను. దానిని వెబ్ పుటలుగా కూర్చుటకై యాతడు నిర్మించిన స్ఫింక్స్ అను సాధనము 2008 మార్చిలో విడుదలయ్యెను. ఆ యేడు వెలువడిన పైథాన్ 2.6తో క్రొత్త గ్రంథము వాడుకలోనికి వచ్చెను. ఒక యింటికై త్రవ్విన బావి ఊరిబావి యయ్యెను: 2016లో లినక్స్ కెర్నెలు వారును తమ వివరణకు స్ఫింక్సునే గైకొనిరి.

కావున వివరణశాల నారంభించువారు "మాకు సాయపడుడు" అని కేకవేసి యూరకుండరాదు. స్థాపన విధానమును మీ కంప్యూటరుపై ప్రయత్నించి, యెచట నాగిపోతిరో యెనిమిది పంక్తులలో వ్రాయుడని యడుగవలయును. ఇందుకు క్రొత్తవాడే యుత్తమసాక్షి. నిపుణుడు తాను దాటిన మెట్లను మఱచియుండును. వచ్చిన వ్రాతను వారములోపల చూచి బదులిచ్చు బాధ్యత యొకనిపై నుంచవలయును. నెలల తరబడి సమాధానము లేనిచో సేవకుడు మఱల రాడు. వ్రాత యే లైసెన్సు క్రింద వెలువడునో ముందే ప్రకటించుటయు నవసరము. వకీలు చాదస్తమని నవ్వినను సరియే! ప్రోగ్రామును మార్చుటకు హక్కుండి, దాని వివరణను మార్చుటకు లేకున్న నేమి లాభము? ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను వారు 2000లో వివరణ గ్రంథములకై ప్రత్యేక లైసెన్సు ప్రకటించినది యిందులకే.

వేతనమిచ్చి వ్రాయింపరాదా యందురు. వ్రాయింపవచ్చును; గూగులు వారు 2019లో సీజన్ ఆఫ్ డాక్స్ పేర నట్టి ప్రయత్నమే చేసిరి. కాని సాఫ్టువేరు మాఱుచుండును, పుట పాతబడుచుండును. వేతనము ముగిసిన మఱునాడు దానిని దిద్దువాడెవడు?

ఇక మన సంగతి. పైథాన్ వివరణ గ్రంథపు అనువాదములకు 2017లో ఏర్పాటు జరిగినది. జపాను, ఫ్రెంచి, కొరియా భాషలవారు ముందుగా దాని నందుకొనిరి. జీతము లేకయే తెనుగువారు 2003 నుండి తెలుగు వికీపీడియాను పెంచుచునే యున్నారు. కోడు రానివారికిని ఇచట పని కలదు. మొదటి పాఠములో నొక్క పుటను తెనిగించి, కళాశాల విద్యార్థిచే చదివించి, యాతడు తడబడిన చోట గుర్తు పెట్టుడు.