మూడో సీసాతోనే చిక్కు
విదేశీ వైన్‌కు లీటర్ల లెక్క.. తెలియక ఇబ్బంది పడేది పెద్దలే

జనగామ: దసరాకో, సంక్రాంతికో, చెల్లెలి పెళ్లికో విదేశాల నుంచి కొడుకు వస్తున్నాడంటే ఊళ్లో మొదట వినిపించే మాట ‘ఏం తెస్తున్నడు?’ అన్నదే. చాక్లెట్లు, సెంటు సీసాలు, ఫోన్ల సరసన మద్యం సీసా చేరి చాలా కాలమైంది. ఒకప్పుడు అది విస్కీయే. చదువుకున్న పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడిన ఇళ్లలో ఇప్పుడు ద్రాక్ష వైన్ కూడా పెట్టెలోకి ఎక్కుతోంది. ‘వైన్ పెద్ద మత్తు కాదు, మూడు సీసాలు పట్టుకెళ్లండి’ అన్న సలహాతో అసలు చిక్కు మొదలవుతోంది.

విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం చెల్లించకుండా తెచ్చుకోదగిన మద్యం 2 లీటర్లు. విస్కీ అయినా, వైన్ అయినా, బీరు అయినా ఇదే పరిమితి. వైన్ సీసా సాధారణంగా 750 మిల్లీలీటర్లు. రెండు సీసాలైతే లీటరున్నర. మూడోది చేరితే రెండుంబావు లీటర్లు. అంటే పరిమితి దాటినట్లే. డ్యూటీ ఫ్రీ దుకాణాల్లో విస్కీని లీటరు సీసాల్లో అమ్ముతారు గనుక రెండు సీసాలతో లెక్క సరిగ్గా సరిపోతుంది. వైన్ తెచ్చేవారికి అర లీటరు మినహాయింపు ఉన్నా వాడుకునే దారి లేదు.

లెక్క ఘనపరిమాణానికే..

ఇందులో న్యాయమెంత అన్నది ఆలోచించదగినదే. 42.8 శాతం ఆల్కహాలున్న విస్కీ 2 లీటర్లలో దాదాపు 850 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. 13 శాతం ఉన్న వైన్ రెండు సీసాల్లో ఉండేది 200 మిల్లీలీటర్లలోపే. మత్తు నాలుగో వంతు కూడా లేని పానీయానికీ అదే కొలత. ఐరోపా సమాఖ్య దేశాల్లో ఈ తేడాను గుర్తించారు. బయటి దేశాల నుంచి అక్కడికి వెళ్లేవారు ఘాటు మద్యం ఒక లీటరు తీసుకెళ్లవచ్చు. వైన్‌కు వేరుగా 4 లీటర్లు, బీరుకు 16 లీటర్లు ఇచ్చారు. మన నిబంధన మాత్రం విస్కీ తాగేవారిని చూసి రాసినట్లుంది. పరిమితి మారేదాకా పాటించక తప్పదు.

పరిమితి మించిన వైన్‌పై పడే భారం అన్నీ కలిపి 150 శాతం దాకా ఉంటుంది. 2,000 రూపాయల సీసాకు 3,000 సుంకమన్నమాట. రెడ్ చానల్‌లోకి వెళ్లి ముందే చెప్పి కడితే అంతటితో పోతుంది. చెప్పకుండా గ్రీన్ చానల్‌లో నడిచి దొరికితే సరకు జప్తు, ఆపై జరిమానా. సామానులో ఏముందో ప్రకటించాల్సిన బాధ్యత దాని యజమానిదేనని 1962 నాటి కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ చెబుతోంది.

సర్దేది ఒకరు, జవాబు చెప్పేది ఒకరు

ఈ మాట ముఖ్యంగా తల్లిదండ్రులకు తెలియాలి. మనవడినో మనవరాలినో చూసుకోవడానికి వెళ్లి ఆరు నెలలుండి వచ్చే పెద్దవారి సూట్‌కేసులు సర్దేది కొడుకు, కోడలు. అందులో స్నేహితుడి బావమరిదికి పంపే సీసా కూడా ఉండవచ్చు. జీవితంలో మద్యం ముట్టని తల్లి శంషాబాద్‌లో అధికారి ఎదుట నిలబడి ‘నాకు తెల్వదు బిడ్డా’ అంటే చట్టం ఆ జవాబును ఒప్పుకోదు. ఇద్దరు కలిసి వస్తున్నారు కాబట్టి 4 లీటర్లలోపు ఐదు సీసాలు పట్టవచ్చని కొందరు లెక్క వేస్తారు. ఒకరి మినహాయింపును మరొకరిదానితో కలపడం నిబంధనల్లో లేదు. మూడు సీసాలున్న వ్యక్తి పరిమితి దాటినట్లే. పసిపిల్లల పాస్‌పోర్టు చూపితే అసలే కుదరదు. శంషాబాద్‌లో దిగాక డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్నదీ ఈ 2 లీటర్లలోకే వస్తుంది.

‘విమానం వాళ్లు 5 లీటర్లన్నారు’ అన్నది మరో అపోహ. 24 నుంచి 70 శాతం ఆల్కహాలున్న మద్యాన్ని సామానులో 5 లీటర్ల వరకు అనుమతించేది విమాన భద్రత కోసం పెట్టిన నియమం. 24 శాతంలోపు ఉండే వైన్‌కు ఆ నియమంలో పరిమితే లేదు. సుంకం సంగతి దానికి పట్టదు. చేతిసంచిలోనైతే 100 మిల్లీలీటర్లు మించిన ద్రవాలను భద్రతా తనిఖీలో తీసేస్తారు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాల సంచి సీలును ఇల్లు చేరేదాకా విప్పకుండా ఉంచడం మేలు.

గల్ఫ్ నుంచి వచ్చేవారి కథ వేరు. కువైట్ విమానాశ్రయంలో మద్యం దొరకదు. దుబాయ్ మీదుగా వచ్చేవారు అక్కడ కొంటారు. తిరుగు ప్రయాణంలో మాత్రం సీసా మాట తలవకూడదు. కువైట్‌లోకి మద్యం తీసుకెళ్లడం నేరం. అక్కడి జైలు పాలైతే ఇక్కడి కుటుంబానికి దిక్కుండదు.

గేటు దాటితే ఆబ్కారీ

విమానాశ్రయం లోపల కస్టమ్స్ కేంద్రానిది. బయట ఆబ్కారీ శాఖ రాష్ట్రానిది. సొంతానికి తెచ్చుకున్న సీసాను అమ్మితే రాష్ట్ర చట్టం ప్రకారం నేరమే. ఆబ్కారీ లేబుల్ లేని సీసాకు ఆధారం కొనుగోలు రసీదే గనుక దాన్ని పారేయరాదు. గోవా నుంచి దేశీయ విమానంలో తెచ్చే సీసాలకు ఈ 2 లీటర్ల మినహాయింపు వర్తించదు. అలా తెచ్చిన వాటిని శంషాబాద్‌లో ఆబ్కారీ సిబ్బంది పట్టుకుంటున్నారు.

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డున్న దుకాణంలో బీరు, బ్రాందీ, విస్కీ ఉంటాయి. ద్రాక్ష వైన్ అడిగితే దుకాణందారు వెతికి చూడాలి. కల్లు, గుడుంబా, ఇప్పసారా తెలిసిన జిల్లాల్లో పేరొకటి, సరకొకటి కావడం వల్లనే వైన్‌ను తేలిగ్గా తీసుకుంటున్నారేమో.

భూపాలపల్లి వాసులకు ఇంకో హద్దు ఉంది. కాళేశ్వరం వంతెన దాటితే సిరొంచ. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ 1993 నుంచి మద్యనిషేధం అమల్లో ఉంది. కాళేశ్వరం దర్శనం చేసుకుని అవతల ఒడ్డున ఉన్న చుట్టాలింటికి కారులో వెళ్లేవారు డిక్కీలో ఉన్న సీసాను ఈవలే దించి వెళ్లాలి. డ్యూటీ ఫ్రీ రసీదు చూపితే అక్కడ చెల్లదు.