పొలుసు, త్రాసు, నిచ్చెన

నానార్థములకు భయపడు సంప్రదాయము కాదు మనది. 16వ శతాబ్దమున పింగళి సూరన ఒకే పద్యములలో రామకథను, భారతకథను నడిపించి 'రాఘవపాండవీయము' రచించినాడు. అమరకోశము తృతీయకాండమున నానార్థములకు ప్రత్యేకముగా ఒక వర్గమే కలదు. 'హరి' శబ్దమునకు విష్ణువు, ఇంద్రుడు, సింహము, గుఱ్ఱము, కోతి, కప్ప అని మన పూర్వులు బాల్యముననే వల్లించెడివారు. అట్టి మన పాఠశాలలలో నేడు ఇంగ్లీషు మాట యొకటి నాలుగర్థములతో ఎదురైనచో విద్యార్థి ఏల బెదరిపోవుచున్నాడు? లోపము వానిలో ఉన్నదా, మనము చెప్పు తీరులో ఉన్నదా? ఉపాధ్యాయులు ఆలోచింపదగిన ప్రశ్న యిది.

'స్కేల్' అను చిన్న మాటను తీసికొందము. ఎనిమిదవ తరగతి విద్యార్థికి అది ఎన్నిచోట్ల తారసపడునో చూడుడు. జీవశాస్త్రమున అది చేప పొలుసు. అంగడిలో త్రాసు. సంగీతమున స్వరముల వరుస. భూగోళపటము క్రింద అది కొలమానము. వాని పెట్టెలో అది గీతలు గీయు బద్ద. తండ్రి ఉపాధ్యాయుడైనచో 'పే స్కేలు' అను మాట ఆ యింట వినబడుచునే యుండును. మనము వానికి చెప్పునదేమి? "స్కేల్ అనగా పొలుసు, త్రాసు, స్వరక్రమము, కొలమానము, వ్రాసికొనుము" అందుము. వాడు వ్రాసికొనును, పరీక్షనాటికి వల్లించును, పిదప మఱచిపోవును.

మఱచుటలో వింత లేదు. చేప ఒంటికిని సంగీతమునకును సంబంధమేమి అని వాని మనస్సు లోలోపల అడుగుచునే యున్నది. బదులు దొరకలేదు. దొరకనప్పుడు వాడు రెండు నిశ్చయములలో ఒకదానికి వచ్చును: ఈ భాషకు తర్కము లేదనియో, తనకు తెలివి లేదనియో. ఇంటిలో ఇంగ్లీషు ముక్క వినబడని పిల్లవాడు తఱచుగా రెండవదానినే నమ్మును. అట్లు నమ్మినవాడు మఱల ప్రశ్న వేయడు. నష్టమంతయు అక్కడనే యున్నది.

నిజమునకు వాని ప్రశ్న చాల మంచి ప్రశ్న. దానికి స్పష్టమైన సమాధానము కూడ కలదు. 'స్కేల్' ఒక మాట కాదు. వేఱువేఱు దారుల నడిచివచ్చి ఇంగ్లీషు అను సత్రమున ఒకే పేరుతో దిగిన మూడు మాటలు.

మొదటిది పొలుసు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఆ దేశభాషలోనికి ఫ్రెంచి మాటలు వెల్లువగా వచ్చినవి. పాత ఫ్రెంచిలో 'ఎస్కాల్' అనగా పెంకు, పొట్టు. అదియే చేప పొలుసునకు పేరైనది. నీరు కాచు పాత్ర లోపల పేరుకొను సున్నపు పొర, ఇనుముపై లేచు పెచ్చు, పండ్లపై పట్టు గార, ఇవి యన్నియు ఈ కుటుంబమువే. దంతవైద్యుడు చేయు 'స్కేలింగు' ఆ గారను గీకివేయుటయే.

రెండవది త్రాసు. స్కాండినేవియా నుండి ఓడలపై వచ్చి ఇంగ్లండున స్థిరపడిన జనులు తమ వెంట తెచ్చిన మాటలలో గిన్నె యను అర్థము గలది ఒకటి యున్నది. త్రాసునకు రెండు చిప్పలు గదా! అందుచేతనే ఇంగ్లీషువారు ఒక్క త్రాసును గూడ తఱచుగా 'స్కేల్స్' అని బహువచనమున పలుకుదురు. స్వీడను, నార్వే, డెన్మార్కు దేశస్థులు విందులలో పానపాత్ర యెత్తి 'స్కోల్' అని పలుకు శుభవచనము కూడ ఈ గిన్నెయే. పెంకు, గిన్నె అను ఈ రెండు మాటలును జర్మానిక భాషల మూలమున దూరపు దాయాదులని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

మూడవది వారి చుట్టము కాదు. లాటిను భాషలో 'స్కాలా' అనగా నిచ్చెన. ఎక్కుట యను అర్థము గల ధాతువు నుండి పుట్టినది. ఇటాలియనులకు నేటికిని మెట్లన్నను నిచ్చెనయన్నను ఇదే మాట. స్వరములు ఒకదానిపై నొకటిగా మెట్లవలె పేర్చబడినవి గావున సంగీతమున స్వరక్రమము 'స్కేల్' అయినది. పటముమీది కొలమానము, ఉష్ణమాపకముపై గీతలు, విద్యార్థి చేతిలోని బద్ద, ఉద్యోగి యేటేట ఒక్కొక్క మెట్టు ఎక్కు 'పే స్కేలు', ఇవి యన్నియు నిచ్చెనలే. కోటగోడ నెక్కుటకు వాడు క్రియయు ఇదియే. పెద్ద నగరములలో జనులను మోసికొనిపోవు 'ఎస్కలేటరు' పేరులోను ఈ నిచ్చెన యున్నది.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. మన సంగీతమున స్వరములు పైకి పోవుటను ఆరోహణమనియు, క్రిందికి దిగుటను అవరోహణమనియు అనుట లేదా? ఎక్కుట దిగుట యనునదే అందలి భావము. సంగీతము నేర్చిన బాలికకు ఇటలీ నిచ్చెన నిమిషములో అర్థమగును. ఇంకొక విశేషము: భరతుని నాట్యశాస్త్రమున స్వరవ్యవస్థకు 'గ్రామము' అని పేరు; షడ్జగ్రామము, మధ్యమగ్రామము అని అందు వివరింపబడినవి. గ్రామమనగా సమూహము. మనుష్యుల సమూహము ఊరు. స్వరముల సమూహము సంగీతగ్రామము. ఇచ్చట మాట ఒక్కటియే. అది పెరిగి రెండు కొమ్మలు వేసినది. 'స్కేల్' కథ వేఱు. అచ్చట చెట్లే వేఱు. ఈ భేదమును చూపుటయే నేను కోరునది.

చేపకును సంగీతమునకును ఇంగ్లీషులో ఇంకొక చోట కూడ పొత్తు కుదిరినది. ఒకే అక్షరక్రమముతో వ్రాయబడు మాట సంగీతమున 'బేస్' అని, చేపలలో 'బాస్' అని పలుకబడును. మంద్రస్థాయిని తెలుపు 'బేస్' లాటినున హ్రస్వము, పల్లము అను అర్థముగల మాట నుండి వచ్చినది. ఇంగ్లీషువారు మొదట దానిని వేఱు వర్ణక్రమముతో వ్రాసిరి. ఇటాలియను 'బాస్సో' ప్రభావమున వ్రాత మార్చుకొనిరి, పలుకుబడిని మాత్రము మార్చలేదు. చేప పేరు పాత ఇంగ్లీషుది. దాని నడుమ ఒకనాడు రేఫ ముండెడిది, అది జారిపోయినది. జర్మనులు దాని దాయాదిని నేటికిని రేఫతోనే 'బార్ష్' అందురు. ముండ్ల రెక్కలను బట్టి వచ్చిన పేరని పండితుల మాట. ఇంగ్లీషున 'ఏషియన్ సీబాస్' అని వ్యవహరింపబడు చేప మన కోస్తావారు ఎఱిగిన పండుగప్పయే. ఒకచోట రేఫ జారుట, ఇంకొకచోట వ్రాత మారుట, ఈ రెండు మార్పుల వలన సంబంధము లేని రెండు మాటలకు ఒకే వేషము కలిగినది.

చేపలలో 'సోల్' అనునది మూడవ ఉదాహరణము. అది పాదము అడుగుభాగమునకును పేరు, ఒక బల్లపరుపు చేపకును పేరు. ఇవి రెండును ఒక్క మాటయే. చెప్పు ఆకారమున నుండుటచే చేపకు ఆ పేరు కలిగినది. 'ఒక్కటియే' అను అర్థము గల 'సోల్' మాత్రము వేఱు. ఒక్కడే పాడు 'సోలో' దాని చుట్టము. కావున ఒకే రూపములో పెరిగిన మాటయు, వచ్చి కలిసిన మాటయు రెండును ఉండవచ్చును.

మన తెలుగున కూడ ఇట్లే గదా! 'నెల' యనగా చంద్రుడు. ఆ చంద్రుడు కొలిచిన కాలమును నెలయే. ఇది పెరిగిన మాట. 'పాలు' అనగా క్షీరము. 'పాలు' అనగా భాగము. ఇవి కలిసిన మాటలు. అన్నదమ్ములు పాలు పంచుకొనిరనగా గేదె పాలు పంచుకొనిరని ఏ పిల్లవాడును అనుకొనడు. తన భాషలో ఇంత నేర్పు గల పిల్లవానికి ఇంగ్లీషున ఆ నేర్పే లేదని మనము ఏల తలంపవలెను?

'పిల్లవానికి వాడుక చాలును, చరిత్ర యెందుకు? సందర్భమును బట్టి అర్థము తెలియును గదా' అని కొందఱు అనవచ్చును. వాక్యములో అర్థమును నిర్ణయించునది సందర్భమే; కాదనను. కాని జ్ఞాపకమున నిలుపునది బంధుత్వము. పొత్తు లేని పది అర్థములను మోయుట కష్టము. మూడు కుటుంబములను గుర్తుంచుకొనుట సులభము. తెలుగు చేయునప్పుడు కూడ ఏ కుటుంబపు మాటయో తెలిసినవాడు తడబడడు. 'పే స్కేలు'ను 'వేతనశ్రేణి' అని చక్కగా అనుచున్నాము. నిచ్చెనను గుర్తింపనివాడు దానిని జీతపు త్రాసు అనినను ఆశ్చర్యము లేదు.

ఇందులకు పెద్ద సన్నాహము అక్కఱలేదు. మంచి ఇంగ్లీషు నిఘంటువులు ఇట్టి మాటలను వేఱువేఱు పదములుగా చూపి, ప్రక్కన 1, 2, 3 అని చిన్న అంకెలు వేయును. 1884లో మొదటి భాగము వెలువడి 1928లో పూర్తియైన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ప్రతి మాటకును దాని చరిత్రను చూపుటనే నియమముగా పెట్టుకొన్నది. ఆ చిన్న అంకెలను చదువుట పిల్లలకు నేర్పవలెను. నల్లబల్లపై పొలుసు, గిన్నె, నిచ్చెన అని మూడు గడులు గీయుడు. దంతవైద్యుని స్కేలింగు, ఎస్కలేటరు, పటము కొలమానము, తులారాశి ఏ గడిలో చేరునో పిల్లలనే అడుగుడు. పది నిమిషముల పని. వల్లించుట కంటె నవ్వుచు నేర్తురు.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. చుట్టరికమును ఊహతో కలుపరాదు. ఇటలీలోని మిలాను నగరమున 1778లో ప్రారంభమైన ప్రసిద్ధ సంగీతనాటకశాల పేరు 'లా స్కాలా'. సంగీతశాల కావున స్వరముల స్కేలును బట్టి ఆ పేరు వచ్చినదని ఎవడైనను అనుకొనును. అది నిజము కాదు. ఆ స్థలమున పూర్వము ఉండిన చర్చి పేరు దానికి వచ్చినది. ఆ చర్చికి నిచ్చెన చిహ్నముగా గల 'దెల్లా స్కాలా' వంశపు స్త్రీ వలన ఆ పేరు కలిగినది. నిచ్చెన నిజమే, సంగీతమునకు చెందిన నిచ్చెన కాదు. అందుచేత తోచినది చెప్పక నిఘంటువును తెఱచి చూచుట ఉపాధ్యాయునకును విద్యార్థికిని అలవడవలెను.

చేప పొలుసునకును పాటకును సంబంధమేమని ఒక పిల్లవాడు రేపు తరగతిలో లేచి అడిగినచో వానిని కూర్చుండుమనకుడు. సంబంధము లేదనియు, లేకపోవుటకు కారణ మిదియనియు చెప్పుడు. తన సందేహము సరియైనదని విన్న ఆ పిల్లవాడు ఇంకొక ప్రశ్న అడుగుటకు వెనుదీయడు.