కుర్చీ అడిగితే తప్పా?

అక్కచెల్లెళ్లారా, కార్తీకం వచ్చిందంటే మన జూజువాడిలో తెల్లారితే మంచే. హైవే మీద లారీ దీపాలు కూడా మసక మసకగా అగపడతాయి. హోసూరు పక్క ఎత్తు జాగా, దగ్గర దగ్గర 900 మీటర్లు, అందుకే ఈ చలి. మా వసారాలో బొంతల పని మొదలైంది. ఆదివారం మధ్యాన్నం ఏడెనిమిది మంది కూచుంటాం. పాత నూలు చీరలు, లుంగీలు నాలుగైదు పొరలు పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు, ఆనక సన్న కుట్టు. ఎట్ల కుట్టేదో మీకు నేను చెప్పే పని లేదు. ఎట్ల కూచునేదో చెప్తాను.

మూడో వారం ఒక అక్క రాలేదు. మా అందరికంటే చెయ్యి తిరిగిన మనిషి. ఇంటికి పోయి అడిగితే "పనుండాది లే" అనింది. కాఫీ తాగేటప్పుడు మళ్లీ అడిగినాను. అప్పుడు చెప్పింది. "నేల మీద కూచుంటే లేవలేకపోతా ఉండాను. నలుగురిలో చెయ్యి పట్టి లేపండి అని ఎట్ల అడిగేది? కుర్చీ వేసుకుంటే దొరసాని మాదిరి కూచునింది అంటారు."

ఈ సిగ్గు యాడిదో నాకు తెలుసు. నేను స్పిన్నింగులో ఉన్నప్పుడు షిఫ్టు అంతా రింగ్ ఫ్రేము పక్కన తిరగడమే. దారం తెగితే అతకాలి, బాబిన్లు మార్చాలి. ఒక దినం కాలు లాగి, బోల్తా వేసిన డబ్బా మీద ఒక్క నిమిషం కూచున్నాను. సూపర్‌వైజర్ అందరి ముందర అరిచినాడు. ఆ దినం నుంచి కూచోవడం అంటే దొంగతనం మాదిరి అయిపోయింది. 1948 ఫ్యాక్టరీ చట్టంలో 44వ సెక్షన్ ఒకటి ఉండింది. నిలబడి పని చేసేవాళ్లకు, పని మధ్యలో సందు దొరికినప్పుడు కూచునేదానికి ఏర్పాటు ఉండాలని. నేను పుట్టక ముందే రాసిన మాట, రిటైరు అయినాక నా చెవిన పడింది! అంగళ్లలో పని చేసేవాళ్లకు కూడా కుర్చీ ఉండాలని కేరళలో 2018లో, మన తమిళనాడులో 2021లో చట్టం తెచ్చినారు. చట్టమే కుర్చీ వెయ్యమంటే, మన వసారాలో మనం వేసుకునేదానికి సిగ్గేంటికి?

మా మనవరాలు ఫోనులో ఒకటి చూపించింది. అమెరికాలో ఆడవాళ్లు రెండు మూడు దినాలు ఒక చోట చేరి బొంతలు కుట్టుకుంటారు, దానికి రిట్రీట్ అని పేరు. ఒకామె కుర్చీ, దీపం, మెత్త, నీళ్ల సీసా అన్నీ ఇంటి నుంచే మోసుకొచ్చింది. నేను నవ్వినాను. రాత్రి నడుము పట్టుకుని పొర్లాడేటప్పుడు ఆమెదే తెలివి అనిపించింది.

మన నడుము బొంత కాడికి వంగకూడదు, బొంతే మన కాడికి రావాలి. నేల మీద కూచుంటే గోడకు ఆనుకుని, నడుము వెనక చుట్టిన తువ్వాలు, ఒడిలో దిండు, దిండు మీద బొంత. మోకాళ్లు పోయినోళ్లు కుర్చీలో పాదాలు రెండూ నేలకు ఆనించి కూచుని, ముందర బల్ల మీద పరుచుకోండి. బల్ల మోచేతి ఎత్తుకు ఉండాలి. బరువంతా బల్ల మోయాలి, భుజం కాదు.

దారం ఒక చెయ్యి పొడుగు చాలు. మళ్లీ మళ్లీ ఎక్కించే పని తప్పుతుందని రెండు బారలు తీసుకుంటారు, ప్రతి కుట్టుకూ చెయ్యి గాలిలోకి లాగి లాగి సాయంత్రానికి భుజం పడిపోతుంది. నేను పెట్టుకున్న లెక్క ఏమంటే, దారం అయిపోతే లేవాల. వాకిలి దాకా నడిచి, మెడ అటూ ఇటూ తిప్పి, వచ్చి మళ్లీ కూచోవాల. సూదులు ఎక్కించేది కండ్లు బాగున్న పిల్లల పని. పదీ పన్నెండు ముందే ఎక్కించి గుడ్డకు గుచ్చి పెడితే మన కండ్లకు బాధ తప్పుతుంది. కుడి చేత్తో కుట్టేవాళ్లకు వెలుతురు ఎడమ పక్క నుంచి రావాల, లేకుంటే చెయ్యి నీడ కుట్టు మీదే పడుతుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం పొద్దుగూకినాక వద్దు.

జీన్స్ ముక్కలు, జరీ అంచులు పొరల్లో పెట్టకండి. సూది దిగదు, వేలు పగులుతుంది. టైలర్లు వేలికి పెట్టుకునే ఇనుప టోపీ, అంగుస్తానా అంటారే, అది పెట్టుకోండి. గుడ్డలు బాగా ఉతికి ఎండబెట్టి, బయట దులిపి తీసుకురండి. దూది దుమ్ము మనం మింగింది చాలు. రాత్రి పూట వేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం నూనె రాసుకుని ఊరుకోకండి, డాక్టరుకు చూపించుకోండి.

ఇంకొకటి, చెప్పేదానికి కొంచెం మొగమాటమే. మాలో సగం మంది నీళ్లు తాగరు. గార్మెంటు లైన్లో బాత్రూముకు పోవాలంటే పర్మిషన్ అడగాల, అందుకని నీళ్లే మానేసిన అలవాటు. మంట వచ్చి జ్వరాలు పడినోళ్లం కూడా ఉన్నాం. ఇప్పుడు మన ఇంట్లో మనకు పర్మిషన్ ఎవరిది? వసారాలో బిందె పెట్టినాను, దాంట్లో నీళ్లు ఖాళీ కాకుంటే నాకు కోపం వస్తుంది. ఇప్పుడు లైన్లో పని చేస్తా ఉండే పిల్ల ఒకతి ఆదివారం మా దగ్గరికి వస్తుంది. ఆరు దినాలు మిషను మీద వంగిన మెడకు ఏడో దినం కూడా సూది ఇయ్యలేను. నిలబడి గుడ్డలు కత్తిరించమన్నాను, కబుర్లు చెప్పమన్నాను. కబుర్లే ఎక్కువ చెప్తుంది, చెప్పనీ.

ఆ అక్క పోయిన వారం వచ్చింది. కుర్చీ వేసినాను. కొంచెంసేపు అంచు మీదే కూచునింది, లేచిపోయే మనిషి మాదిరి. నేను కూడా పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాను. అప్పుడు వెనక్కి ఆనింది. సాయంత్రానికి బొంత ఒక పక్క అంతా ఆమే కుట్టేసింది.

వచ్చే ఆదివారం రెండు గంటలకు. మా ఇంట్లో కుర్చీలు నాలుగే ఉండాయి, మీ ఇంట్లో ఉంటే ఒకటి తెచ్చుకోండి.