బోటు వాళ్లది, కొండ మనది: గోదారి టూరిజం ఎవరి కోసం?



2027లో గోదావరి పుష్కరాలు. 2025 జూన్ 26న రాజమండ్రిలో రూ.94.44 కోట్ల అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. ఘాట్లు, పాత హేవ్‌లాక్ వంతెన బాగుపడితే మంచిదే. కానీ ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఫొటో దిగే టూరిస్టు తర్వాత వచ్చేది ఎగువకే, మన పాపికొండలకే. అక్కడ మన మాట ఎవరైనా అడిగారా?

ముందు ప్రాణాల సంగతి. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగింది. అందులో ఉన్నది ఎక్కువగా మన ఊళ్లవాళ్లే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది. బతికిన 26 మందిలో చాలామందిని ఒడ్డుకు చేర్చింది సొంత పడవలేసుకుని వెళ్లిన ఊరివాళ్లే. కంట్రోల్ రూముల ఊసు ఆ తర్వాతే వచ్చింది. గోదారి సుడి ఎక్కడుందో తెలిసినవాళ్లకి టూరిజంలో చోటెక్కడ? కొండరెడ్ల ఊళ్లు పోలవరం ముంపులో ఖాళీ అవుతుంటే, ఖాళీ అయిన కొండని చూపించి టికెట్లు అమ్ముతారా?

ఇక భూమి. 2025 మొదట్లో టూరిజం కోసం 1/70 చట్టాన్ని మార్చాలన్నట్టు స్పీకర్ అయ్యన్నపాత్రుడు మాట్లాడారు. ఫిబ్రవరిలో ఏజెన్సీ మొత్తం బంద్ పాటించింది. చట్టాన్ని రద్దు చేయబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఏజెన్సీ భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లోనే సమత తీర్పు చెప్పింది. అది మైనింగ్ కేసు. అయితే ఏంటి? రిసార్టు పేరుతో పోయినా భూమి పోయినట్టే.

మనం టూరిజానికి వ్యతిరేకం కాదు. మన పిల్లలకీ పని కావాలి. కానీ బోటు కడిగే పని, గదులు ఊడ్చే పని మాత్రమే మనకి మిగిలితే దాన్ని అభివృద్ధి అనలేం. అందుకే ఈ నాలుగు అడుగుదాం:

1. ఏజెన్సీలో ఏ టూరిజం పనైనా గ్రామసభ తీర్మానం తర్వాతే.
2. బోటు లైసెన్సుల్లో, సరంగు, గైడు, లైఫ్‌గార్డు ఉద్యోగాల్లో మొదటి హక్కు స్థానిక ఆదివాసీలకి.
3. ప్రతి టికెట్‌లో గ్రామసభకు వాటా.
4. ముంపు కుటుంబాలకు పునరావాసం పూర్తయ్యాకే కొత్త రిసార్టులు.

1996 నాటి పెసా చట్టం గ్రామసభకు బలమిచ్చింది. దాన్ని వాడాల్సింది మనం. పుష్కరాలకు ముందే మీ ఊళ్లో గ్రామసభ పెట్టించండి, తీర్మానం రాయించి సంతకాలతో ఐటీడీఏకి పంపండి. కాగితం మీద లేని మాటని రేపు ఎవరూ లెక్కచేయరు.