మన తాబేలుకి హిట్ పాయింట్లు ఎన్ని?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లకి డ్రాగన్ టర్టిల్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. అది సముద్రంలో బతికే డ్రాగన్. తల, తోక డ్రాగన్‌వి, వీపు మీద తాబేలు డిప్ప. నోట్లోంచి మంట రాదు, మరిగే ఆవిరి వస్తుంది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ మాన్‌స్టర్ మాన్యువల్‌లో దానికి 341 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ 20, చాలెంజ్ రేటింగ్ 17. లెవెల్ త్రీ పార్టీకి అది ఎదురైతే చేయాల్సిన పని ఒకటే, దండం పెట్టి పక్కకి తప్పుకోవడం.

నాకు నచ్చింది ఈ నంబర్లు కాదు, దాని స్వభావం. రూల్‌బుక్ దాన్ని దుష్టజీవి అనలేదు, న్యూట్రల్ అంది. అది ఓడల దారిలో కాపు కాసి కప్పం అడుగుతుంది. ఇస్తే వదిలేస్తుంది, ఇవ్వకపోతే ముంచేస్తుంది. సముద్రం మీద బతకాలంటే సముద్రానికి ఏదో ఒకటి ఇచ్చుకోవాలన్నమాట. వేటకి వెళ్లే ముందు గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టే మా కళింగపట్నం వైపు వాళ్లకి ఈ లెక్క బాగానే అర్థమవుతుంది.

ఇప్పుడు మన కాలేజీల్లో కూడా సొంతంగా క్యాంపెయిన్లు రాసేవాళ్లు, ఇండీ గేమ్స్ చేసేవాళ్లు, తెలుగులో ఫాంటసీ కథలు రాసేవాళ్లు పెరుగుతున్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. డ్రాగన్ టర్టిల్‌ని ఉన్నదున్నట్టు కాపీ పేస్ట్ చేయకండి. దాన్ని మన తీరానికి తెచ్చి చూడండి, కథ తలకిందులవుతుంది. ఆ తలకిందులైన కథే రాయాల్సింది.

మనకి సముద్ర జీవులు లేక అరువు తెచ్చుకోవడం లేదు. తిమింగలం అనే మాటనే తీసుకోండి. తిమి అంటే ఒక మహా మత్స్యం. దాన్ని మింగేది తిమింగిలం. దాన్ని కూడా మింగేది తిమింగిలగిలం. ఇది బేస్ కేస్ లేని రికర్షన్! గుడి తోరణాల మీద కనిపించే మకరం ఉంది, అది వరుణుడికి, గంగకి వాహనం. ఇక కూర్మం. పాలసముద్రం చిలికినప్పుడు మంధర పర్వతం మునిగిపోతుంటే కింద వీపు పెట్టింది అదే. కళింగపట్నం, శ్రీకూర్మం రెండూ గార మండలంలోనే ఉన్నాయి. శ్రీకూర్మం గర్భగుడిలో దేవుడే తాబేలు రూపం. ఆ గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లని పెంచుతారు. అవి నేల తాబేళ్లనుకోండి, అయినా పాయింట్ అదే. వాళ్ల కథలో తాబేలు ఓడని ముంచుతుంది. మన కథలో మునిగిపోయేదాన్ని మోస్తుంది.

పురాణం పక్కన పెట్టి అసలు తాబేలు దగ్గరికి వద్దాం. వంశధార సముద్రంలో కలిసే ఈ తీరానికి ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలో రుషికుల్య దగ్గర లక్షల్లో గుంపులుగా వచ్చేవీ ఈ జాతే. మన దగ్గర అంత గుంపులుండవు, విడివిడిగా వస్తాయి. డిప్ప పొడవు రెండు అడుగులకి కాస్త ఎక్కువ, బరువు 40 కిలోలకి అటూ ఇటూ. రాత్రిపూట తల్లి తాబేలు తెడ్ల లాంటి కాళ్లతో ఇసుక తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, గొయ్యి కప్పేసి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులు ఇసుక వేడే వాటిని పొదుగుతుంది. పుట్టేది ఆడదా మగదా అన్నది కూడా ఆ వేడే తేలుస్తుంది, వేడి ఎక్కువైతే ఆడవి పెరుగుతాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. ఒకప్పుడు రాత్రి వెలుతురంటే సముద్రమే. ఇప్పుడు రిసార్ట్ లైట్లు, రోడ్డు లైట్లు. దాంతో దారి తప్పి ఊరి వైపు వచ్చేస్తాయి.

దీనికి ఆవిరి ఊపిరి లేదు. ఉన్నది మామూలు ఊపిరే, దానికోసం మాటిమాటికీ నీళ్ల పైకి రావాలి. ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేదు. సముద్రంలో బతికే జీవి సముద్రంలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. సీజన్‌లో బీచ్‌కి వెళ్తే ఉబ్బిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేళ్లు కనిపిస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీన్ని మొదటి షెడ్యూల్లో పెట్టారు, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. కాగితం మీద ఆర్మర్ క్లాస్ 20 అన్నమాట.

ఇక్కడే కథ తలకిందులైంది. గేమ్‌లో తాబేలు మన దగ్గర కప్పం వసూలు చేస్తుంది. కళింగపట్నం తీరంలో మనమే తాబేలు దగ్గర కప్పం వసూలు చేస్తున్నాం.

అలాగని మత్స్యకారుల్ని విలన్లుగా రాసేస్తే అది ఇంకో కాపీ పేస్ట్. వలలో తాబేలు పడాలని ఎవరూ కోరుకోరు, వల చిరిగితే నష్టం వాళ్లదే. టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్ అని ఒకటుంది. ట్రాల్ వల లోపల ఏటవాలుగా బిగించిన కమ్ముల జల్లెడ అది. రొయ్య కమ్ముల మధ్య నుంచి వల చివరికి పోతుంది, తాబేలు కమ్ములకి తగిలి పక్కనున్న తలుపులోంచి బయటపడుతుంది. సింపుల్ ఇఫ్ కండిషన్. కానీ ఆ తలుపులోంచి కొంత సరుకు కూడా పోతుంది. ఆ నష్టం ఒక్క బోటు వాళ్లే ఎందుకు భరించాలి? రొయ్యల బిర్యానీ ఆర్డర్ పెట్టే మనకి అందులో వాటా లేదా? ఈ ప్రశ్నలో ఎంత డ్రామా ఉందో చూడండి. ఏ డ్రాగన్ ఫైట్‌లో ఉంది ఇంత?

"గేమ్ ఆడేది సరదాకి, మధ్యలో ఈ పర్యావరణం క్లాసేంటి?" అనేవాళ్లుంటారు. న్యాయమైన మాటే. నేనూ క్లాస్ వినడానికి డైస్ పట్టుకోను. కానీ 341 హిట్ పాయింట్లు సున్నా అయ్యేదాకా కొట్టడంలో సరదా ఎంతసేపు? ఆరో రౌండ్‌కి అందరూ ఫోన్లు చూసుకుంటారు. కష్టమైన ఆప్షన్లు ఉన్నప్పుడే టేబుల్ చుట్టూ గొడవ మొదలవుతుంది, ఆ గొడవే అసలు ఆట.

కాబట్టి ఇలా ఒకటి రాయండి. వంశధార మొగ, అమావాస్య రాత్రి. మహా కూర్మం గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తోంది. తెల్లారేదాకా దానికి చీకటి కావాలి. సముద్రంలో బోట్లున్నాయి, వాటికి దారి తెలియాలంటే లైట్‌హౌస్ వెలగాలి. లైట్ ఆర్పితే బోట్లకి ప్రమాదం, ఆర్పకపోతే కూర్మం వెనక్కి వెళ్లిపోతుంది. కత్తి తీస్తే ఏ పనీ జరగదు. కూర్మానికి హిట్ పాయింట్లు రాయొద్దు, ఆ గడి ఖాళీగా వదిలేయండి. ప్లేయర్లు ఊళ్లోకి వెళ్లి వేటగాళ్లతో మాట్లాడాలి, బేరాలాడాలి, ఎవరు ఏం వదులుకుంటారో తేల్చుకోవాలి. ఈసారి కప్పం కట్టాల్సింది మన పార్టీ.

ఎవరైనా ఇది రాసి సెమిస్టర్ సెలవుల్లో ఆడిస్తానంటే నా పేరు ముందే రాసుకోండి. జనవరి, మార్చి మధ్య అయితే ఆట అయ్యాక బీచ్‌కి కూడా వెళ్దాం. శ్రీకాకుళం తీరంలో గుడ్లు ఏరి హేచరీల్లో కాపాడే కుర్రాళ్లున్నారు, వాళ్లని అడిగితే నాకంటే బాగా చెప్తారు. ఫోన్ టార్చ్ మాత్రం వేయొద్దు.