ఇరుసు, కందెన, చీల

మోటారు పని తెలుగున బోధపడదనియు, ఆ వృత్తి నేర్వదలచిన బాలురు పరభాషనే ఆశ్రయింపవలెననియు మన తలిదండ్రులలో కొందరి తలంపు. నేను దీనికి సమ్మతింపను.

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు వంటి పాత కారు ముందు చక్రమును విప్పినచో కనబడునవి ఏవి? ఇరుసు, కందెన, చివర నట్టు కదలకుండ నిలుపు చీల. ఎడ్లబండి నెరిగిన యింట ఇవి క్రొత్త మాటలా? బేరింగునకు మాత్రము మనకు సాటి మాట లేదు. దాని నట్లే వాడుకొందము. ఏటవాలు రోలర్ల బేరింగునకు 1898లో పేటెంటు పొందిన హెన్రీ టిమ్కెను సైతము గుఱ్ఱపుబండ్లు చేయించిన వాడే.

ఇట్టి బేరింగులు గల కారున, పాత కందెనను కిరసనాయిలుతో పూర్తిగా కడిగి, ఆరనిచ్చి, రోలర్లను పరీక్షింపవలెను. వానిపై గుంటలు గాని, కాలిన నీలిచాయ గాని యున్నచో బేరింగును, అది కూర్చుండు గిన్నెను కలిపియే మార్చవలెను. క్రొత్త కందెనను అరచేత నుంచుకొని రోలర్ల సందులలోనికి ఎక్కింపవలెను. చక్రపు నడిమి దిమ్మ నిండ కూరుట మంచిది కాదు. వేడికి కరగి బ్రేకులపైకి కారవచ్చును.

అన్నిటికంటె చిక్కైనది బిగింపు. చక్రమును త్రిప్పుచు నట్టును బిగించి, పిదప కొంచెము వదలి, ఇసుమంత ఆట మిగుల్పవలెను. ఎంత యన్నది ఆయా కారు పుస్తకము చెప్పును. పిమ్మట క్రొత్త చీల. పాతది మరల పనికిరాదు. ఇనుము వేడికి వ్యాకోచించునని తెలుగు పాఠమున చదివిన బాలునికి ఈ ఆట ఎందులకో వేరుగ చెప్పనక్కరలేదు. కారణ మెఱుగక, బిగింపుమను ఆజ్ఞను మాత్రమే పరభాషలో కంఠస్థము చేసినవాడు బలముకొలది బిగించును. బేరింగు కాలి, చక్రము నడిదారిలో పట్టివేయును.