కూలర్ గడ్డికున్న విలువ కారు టైరుకు లేదా?

ఉగాది వెళ్లగానే కూలర్ గడ్డి మార్చాలని మా ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. ఎండలు ముదిరాక తొక్కుకు మామిడికాయ కొట్టించాలి. మృగశిర కార్తెకు ముందే పప్పులూ మిరపకాయలూ ఎండబోసి డబ్బాల్లోకి ఎత్తాలి. గొడుగులు బాగుచేయించాలి. చేసేది మనమే, చేయకపోతే మాటలు పడేదీ మనమే. కానీ ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే కారు టైర్లకు మాత్రం ఏ కార్తే లేదు. "ఇంకో వానాకాలం లాగుతాయిలే" అంటే అయిపోయింది.

ఆ మాటతోనే నా కొట్లాట.

పోయిన శ్రావణంలో హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లి హన్మకొండ వస్తున్నాం. జనగామ దాటాక వాన మొదలైంది. పెద్ద వానేం కాదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ముందున్న లారీ నెమ్మదిస్తే మా ఆయన బ్రేకు తొక్కారు. కారు ఆగలేదు. స్టీరింగు తిప్పినా మాట వినలేదు. వెనక సీట్లో మా అత్తమ్మ, ఆమె ఒళ్లో తల పెట్టి నిద్రపోతున్న మా చిన్నోడు. పక్కకు జారుకుంటూ పోయి డివైడర్‌కు జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ ఆ జానెడు నా కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోవట్లేదు.

మర్నాడు టైర్ల షాపుకు నేనూ వెళ్లాను. షాపతను టైరు గాడిలో అడ్డంగా ఉన్న చిన్న గట్టును వేలితో చూపించాడు. దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైనున్న రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. మావి ఎప్పుడో సమానమయ్యాయి. ఇది చూడ్డానికి ఇంజినీరింగ్ చదవాలా? అరిగిన హవాయి చెప్పులేసుకుని తడి బాత్రూంలోకి వెళ్తే ఏమవుతుందో మనకు తెలియదా? గాడులున్నదే నీళ్లను పక్కకు తోయడానికి. అవి అరిగితే టైరు రోడ్డును వదిలి నీటి పొర మీద తేలుతుంది. ఇక బ్రేకు ఉన్నా లేనట్టే.

మా ఆడబిడ్డ మాంట్రియల్‌లో ఉంటుంది. అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు ఉండి తీరాలని చట్టం. చలికి మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది కాబట్టి ఏటా మార్చుకుంటారు. ఈ సంగతి చెప్తే మా ఆయన "ఓరుగల్లులో మంచు పడుతుందా?" అని నవ్వారు. పడదు. మనకు రెండు సెట్లు అక్కర్లేదు కూడా. కానీ మనకు మాత్రం కాలాలు లేవా? రోహిణి కార్తెలో పెనంలా కాలిన రోడ్డు మీదే నాలుగు రోజులకు నీళ్లు పారతాయి. మార్చకపోయినా, ఆ మధ్యలో ఒక్కసారి వంగి చూడాలి కదా!

(2023 జులైలో నయీంనగర్, హంటర్ రోడ్డు మునిగినప్పటి నీళ్లకు ఏ టైరూ పనికిరాదు. అలాంటి రోజు కారు తీయకపోవడమే. నేననేది మామూలు వాన సంగతి.)

ఇంకో మూఢనమ్మకం ఉంది, ఎండాకాలం టైర్లు పేలకుండా గాలి తక్కువ పెట్టించాలని. పూర్తిగా తప్పు. గాలి తక్కువైతేనే టైరు నలిగి నలిగి వేడెక్కి పేలుతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసే ఉంటుంది. పొద్దున్నే, బండి నడిచి వేడెక్కకముందే చూపించాలి.

డబ్బు మాటంటారా, నాలుగింటికీ మాకు 18 వేలు అయింది. స్కూలు ఫీజులు కట్టే రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కానీ అదే ఏడాది సీటు కవర్లకూ కొత్త మ్యూజిక్ సిస్టమ్‌కూ "ఇంకో ఏడాది లాగుదాం" అని ఎవరూ అనలేదే! పైగా అడిగితే "బండి సంగతి నీకెందుకు?" పిల్లల్ని ఎక్కించేది మేమైతే మాకెందుకు కాదు? అయినా మనమూ తక్కువ తినలేదు. "నాకేం తెలుసమ్మా, అన్నీ ఆయనే చూసుకుంటారు" అని చేతులు దులుపుకోవడం మనకూ హాయిగానే ఉంది.

మొన్న పరకాల వెళ్లినప్పుడు మా అన్నయ్య కారు చూశాను. నెలకు రెండుసార్లు కూడా బయటికి తీయరు, గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వంగి చూస్తే 2314. అంటే 2014లో 23వ వారం. ఎంత తక్కువ తిరిగినా పదేళ్లు దాటిన టైరు వాడొద్దని తయారుచేసే కంపెనీలే చెప్తాయి. అన్నయ్య "బాగానే ఉన్నాయి కదే" అంటున్నాడు. మా వదిన మాత్రం ఏమీ అనకుండా ఫోన్ టార్చి వేసి మిగతా మూడూ చూసొచ్చింది.

ఈసారి తొక్కు జాడీలు ఎండబెట్టే రోజునే టైర్లు చూపించాలని క్యాలెండర్‌లో రాసిపెట్టాను. సాయంత్రానికి దాని పక్కన మా ఆయన చేతిరాత: "స్టెప్నీ కూడా".